ఓడలో మిగిలిపోయిన ఎర్ర మగ్గు

యూరప్‌ని ఎవరైనా పొగుడుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మంచు కొండలు బాగుంటాయి, కాదనను. రైళ్ళు టైముకు వస్తాయి, దానికీ ఓ దండం. కానీ ఇన్నిన్ని కనిపెట్టిన మనుషులకు మరుగుదొడ్డిలో ఓ నీళ్ళ పైపు పెట్టుకుందామని ఎందుకు తోచలేదో, ఎవరైనా చదువుకున్నవాళ్ళు చెబితే వినాలని ఉంది.

రెండు వేల ఆరు వేసవి మాట ఇది. అప్పుడు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నాకో చిన్న గ్యారేజీ ఉండేది. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో మా ఇంట్లో ఇంకా తేలలేదు గానీ, ఇంజన్ ఆయిల్ మార్చడంలో మాత్రం డిగ్రీ చేసినట్టే లెక్క. ఆయిల్ కంపెనీ వాళ్ళు సరుకు బాగా అమ్మిన గ్యారేజీల వాళ్ళని కుటుంబాలతో సహా యూరప్‌లో ఓడ షికారుకు పంపారు. నా భార్య ఆస్పత్రిలో నర్సు. "ఎలాగూ వీసా వచ్చింది కదండీ, ఓడ దిగాక అటు నుంచి అటే నాలుగు ఊళ్ళు చూసొద్దాం. మళ్ళీ ఎప్పుడొస్తాం?" అంది. సరేనని మన ఇండియావాళ్ళు నడిపే బస్సు టూరులో సీట్లు తీసుకున్నాం. మేమిద్దరం, ఏడేళ్ళ కొడుకు, ఇంకా నాలుగు నిండని కూతురు.

మా పిల్ల షార్జాలో పుట్టింది. అక్కడ ఏ బాత్రూంలో చూసినా కమోడ్ పక్కన నీళ్ళ పైపు వేలాడుతూ ఉంటుంది. లోపల పని ముగిసిందంటే "ఖలాస్" అని కేక వేస్తుంది. అయిపోయింది అని తెలుగులో చెబితే మేం వినపడనట్టు నటిస్తామని దాని అనుమానం. ఆ కేక వినగానే మాలో ఎవరో ఒకరం పరిగెత్తాలి. ఓడలో పైపులుండవని ఎవరో చెబితే, నా భార్య ఇంట్లోంచి ఎర్ర ప్లాస్టిక్ మగ్గు తెచ్చింది. ఆ వారం మాకు సముద్రం కంటే మగ్గే ఎక్కువ పనికొచ్చింది.

అసలు దెబ్బ దిగే రోజున పడింది. దిగే ముందు రాత్రే పెట్టెలన్నీ సర్ది గది బయట పెట్టేయాలని ఓడ వాళ్ళ పద్ధతి. పెట్టెలు వెళ్ళిపోయాయి. మగ్గును పొద్దుటి అవసరానికి ఉంచాం. పొద్దున ఆవిడ సంచిలో పెట్టుకుందని నేననుకున్నాను, నేను పట్టుకున్నానని ఆవిడ అనుకుంది. మేం దిగాం. మగ్గు దిగలేదు.

"మీ చేతిలో ఉన్నది ఒక్క కెమెరా. దాంతోపాటు ఆ మగ్గు కూడా పట్టుకుంటే అరిగిపోతారా?" అంది బస్సెక్కాక.

"నర్సమ్మవి కదా, కుట్లు వేసే ముందు కత్తెర లోపలే ఉండిపోయిందేమో చూసుకోవా?" అన్నాను.

ఆవిడ లేచి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుంది.

రేవు నుంచి సరాసరి స్విట్జర్లాండ్. హోటల్ బాత్రూంలో అద్దం మెరుస్తోంది, నేల మెరుస్తోంది, కమోడ్ పక్కన మాత్రం కాగితం చుట్ట. పిల్ల ఎక్కి కూర్చుని గోడ వైపు చూసింది. "మగ్గేది?" అంది. లేదనగానే దిగిపోయింది. నీళ్ళ సీసా చూపిస్తే "అది తాగేది" అంది. సీసాతో ఆడొద్దని దానికి నూరిపోసింది వాళ్ళమ్మే. గదిలోని గాజు గ్లాసు తీస్తే ఈసారి వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. "రేపు ఇంకెవరో అందులో తాగుతారండీ, పాపం తగులుద్ది." ఇక కాగితం సంగతి ఎత్తగానే పిల్ల మా ఇద్దరినీ చూసి "ఛీ" అంది. న్యాయం చెప్పాలంటే పిల్లదే న్యాయం.

అలా మూడు రోజులు. పొట్ట గట్టిపడింది. తిండి మానేసింది. నా భార్య పండ్లు తినిపించింది, గోరువెచ్చటి నీళ్ళు పట్టింది. మందు వేద్దామంటే దారి మధ్యలో ఏమవుతుందోనని భయం, ఎందుకంటే బస్సులో ఉన్న ఒక్క బాత్రూంకీ తాళం వేసి ఉంచేవాళ్ళు. ఎందుకయ్యా అంటే పాడైపోతుందట. వాడకుండా దాచుకోవడానికి అదేమైనా పట్టుచీరా? మంచు కొండ మీద దిగిన ఒక్క ఫోటోలోనూ పిల్ల నవ్వలేదు. ఇప్పటికీ ఆల్బమ్ తెరిస్తే నాకు కొండ కనబడదు, ఆ మొహమే కనబడుతుంది.

మా ముందు సీట్లో దుబాయ్ బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే తెలుగాయన, ఆయన భార్య కూర్చునేవాళ్ళు. మా గోల విని ఆయన వెనక్కి తిరిగాడు. "పిల్లలకి మొదటి నుంచీ పేపరు అలవాటు చేయాలండీ. ఏ దేశం వస్తే ఆ దేశం పద్ధతి. మేమైతే ఎప్పుడో మారిపోయాం."

"సంతోషం సార్. మరి బిర్యానీ తిన్న చెయ్యి కూడా పేపరుతోనే తుడిచేస్తారా?" అన్నాను.

ఆయన ముందుకు తిరిగాడు. ఆవిడ మాత్రం సీటు సందులోంచి మా పిల్ల వైపు ఓసారి చూసింది.

ఆ సాయంత్రం గైడు వాచీలు, చాక్లెట్లు కొనుక్కోమని ఒక ఊళ్ళో దింపాడు. అందరూ వాచీల కొట్లలో దూరారు, నేను మగ్గు వేటకు బయల్దేరాను. కోకిల కూసే గడియారం దొరికింది, మెడలో గంట కట్టిన ఆవు బొమ్మ దొరికింది, మగ్గు దొరకలేదు. చివరికి ఇంటి సామాన్ల కొట్లో ఒక పెద్దావిడకు, చెంబు వంచి నీళ్ళు పోస్తున్నట్టు చేత్తో చూపించాను. ఎక్కడ పోయాలో చూపించే ధైర్యం చాలలేదు. ఆవిడ మొహం వెలిగింది. నన్ను తీసుకెళ్ళి పూలకుండీల వరసలో నిలబెట్టింది. మొక్కలకు నీళ్ళు పోసే పచ్చ డబ్బా, దానికి కొంగ మెడంత పొడుగు ముక్కు. కొనేశాను.

"షార్జాలో తోట వేస్తున్నారా?" అన్నాడు బ్యాంకాయన, నేను బస్సెక్కగానే.

"కాదంకుల్, చెల్లికి" అన్నాడు మా వాడు గట్టిగా. బస్సంతా నవ్వింది. పిల్ల మాత్రం డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, ముక్కు నిమిరి "ఏనుగు" అంది. ఆ మూడు రోజుల్లో అది ఇష్టంగా అన్న మాట అదొక్కటే.

మర్నాడు పొద్దున అందరూ బస్సెక్కుతుంటే నా చొక్కా లాగింది. "నాన్నా, వస్తోంది."

నేను పిల్లను ఎత్తుకుని, నా భార్య డబ్బా పట్టుకుని మళ్ళీ గదికి పరుగు. వెనకే గైడు వచ్చి తలుపు కొట్టాడు. "భాయ్‌సాబ్, యల్లా యల్లా, సబ్ లోగ్ బైఠ్ గయే. బస్ చలీ జాయేగీ." త్వరగా రమ్మని గోల, అందరూ ఎక్కి కూర్చున్నారట, బస్సు వెళ్ళిపోతుందట.

"జానే దో", పోతే పోనీ, అన్నాను, తలుపుకు అడ్డంగా నిలబడి. నా కూతురు మూడు రోజులు ఆపుకుంది, మీరంతా కలిసి పావుగంట ఆగలేరా అని నా గ్యారేజీ హిందీలో అడిగాను. పైసలు కట్టింది కొండలు చూడ్డానికే గానీ పిల్లను చంపుకోవడానికి కాదన్నాను. ఇంకా చాలా అన్నాను. కింద హారన్ మోగుతూనే ఉంది. లోపల చప్పుడు లేదు. నా భార్య డబ్బా నింపుకుని బాత్రూం గుమ్మంలో నిలబడింది. నేనూ అటే చెవి పెట్టాను.

"ఖలాస్" అని వినిపించింది లోపల్నుంచి.

గైడు ఒక్క క్షణం నా మొహం చూసి, "ముబారక్ హో, భాయ్‌సాబ్" అని అభినందించి దిగి వెళ్ళాడు.

మేం బస్సెక్కేసరికి అందరి చూపులూ మా మీదే. బ్యాంకాయన వాచీ చూసుకున్నాడు, కొత్త వాచీ. పిల్ల సీట్లో కూర్చోగానే రొట్టె అడిగింది, ఇంకోటి అడిగింది. బస్సు కదిలాక ముందు సీటు సందులోంచి ఆయన భార్య మెల్లగా వెనక్కి వంగి, నా భార్యను అడిగింది. "ఏమనుకోకండమ్మా, సాయంత్రం ఆ డబ్బా ఒకసారి ఇస్తారా?"

"తప్పకుండా అక్కయ్యా" అన్నాను నేను, బస్సంతా వినేలా. "మీ ఒక్కరికేనా, సార్‌క్కూడానా?"

సార్ అప్పుడే కిటికీలోంచి కొండల్ని చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు.