అమ్మ నేర్చుకున్న కేక

నా చిన్నప్పుడు, అంటే రెండువేల నాలుగు ప్రాంతంలో, నా శనివారాలన్నీ ఒక హోటలు వంటగదిలో గడిచేవి. న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో చీరల కొట్లూ నగల కొట్లూ ఉన్న పెద్ద వీధి నుంచి కాస్త పక్కకి తిరిగితే వచ్చే చిన్న ఇండియన్ రెస్టారెంటు అది. మా అమ్మ అందులో వంటపనికి కుదిరింది. నాన్నకి పెట్రోలు బంకులో శనివారమే పెద్ద షిఫ్టు. తొమ్మిదేళ్ళ పిల్లని ఇంట్లో ఒక్కదాన్నే వదలడం ఇష్టం లేక అమ్మ నన్ను తనతో తీసుకెళ్ళేది. వెనక తలుపు పక్కన బియ్యం బస్తాల మీద నా చోటు. అక్కడ కూర్చుని హోంవర్కు చేసుకోవాలి, పొయ్యి వైపు మాత్రం అడుగు వెయ్యకూడదు. అది ఓనర్ అంకుల్ పెట్టిన షరతు.

మా అమ్మది చాలా మెత్తని గొంతు. ఇంట్లో నన్ను భోజనానికి పిలిచినా పక్క గదిలోకి వినపడేది కాదు. పెద్దవాళ్ళ ముందు గొంతు ఎత్తకూడదని చిన్నప్పటి నుంచీ నేర్పి పెంచారు తనని. ఆ అలవాటు విమానం ఎక్కి తనతోపాటు న్యూజెర్సీ వచ్చేసింది.

ఆ వంటగదిలో పొయ్యిలు ఒక మూలన, బఫే బల్లలకి వెళ్ళే తలుపు ఇంకో మూలన ఉండేవి. మధ్యలో ఇద్దరు మనుషులు ఒకేసారి పట్టని ఇరుకు దారి. ఆ దారిలోనే ఒక పెద్దాయన వెనక్కి తిరిగి నిలబడి కూరగాయలు తరిగేవాడు. నిజామాబాదు వైపు మనిషి. మాకు చుట్టం కాదు, అయినా అందరికీ తాతయ్యే. అమ్మ మాత్రం బాబాయిగారూ అనేది. అనేది అంటే, అవసరం పడితే. మామూలుగా అదీ లేదు. మసిలే సాంబారు గిన్నె రెండు చేతులా పట్టుకుని ఆయన వెనక నిలబడేది. ఆయన చూసుకుని తప్పుకునేదాకా అలాగే ఉండేది. చేతులు వణికేవి, ఆవిరికి మొహం కందిపోయేది, నోరు మాత్రం లేచేది కాదు. ఒకసారి నేను అడిగితే, అంత పెద్దాయన్ని తప్పుకోమని ఎలా అంటాం అంది.

ఒక శనివారం ఆయన ఉల్లిపాయల బుట్ట కోసం ఒక్క అడుగు వెనక్కి వేశాడు. సాంబారు తొణికి అమ్మ మణికట్టు మీద పడింది. అమ్మ కెవ్వుమని కూడా అనలేదు. గిన్నె బల్ల మీద పెట్టి, స్వెటర్ చెయ్యి కిందికి లాక్కుని, మళ్ళీ పనిలో పడింది. సాయంత్రం బస్సులో తన పక్కన కూర్చుంటే టూత్‌పేస్టు వాసన వచ్చింది. బాత్‌రూములో రాసుకుందట.

"నాన్నకి చెప్పకే. హోటల్లో అసలే చెప్పకు. పని చేతకాదనుకుంటారు," అంది.

మేం చెప్పలేదు గానీ తాతయ్య చూడనే చూశాడు. తరవాతి వారం రాగానే అమ్మ మణికట్టుకేసి చూసి, ఇట్ల కాలంగనే నల్లా నీళ్ళ కింద చాలాసేపు పెట్టాలె బిడ్డా, పేస్టు పళ్ళు తోముకోనీకి అన్నాడు. 

ఆ రోజు నుంచే తాతయ్యకి చెవుడు వచ్చింది.

అమ్మ వెనక నిలబడితే కదిలేవాడు కాదు. చివరికి బరువు ఆగక "బాబాయిగారూ" అని గొణిగితే, కత్తి ఆపి చెయ్యి చెవి దగ్గర పెట్టుకునేవాడు. "ఏంది బిడ్డా? జర గట్టిగ చెప్పు. వయసైపోయింది, చెవులు పనిచేస్తలేవు." అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. ఇంకొంచెం గట్టిగా అనేది. ఆయనకి అదీ చాలేది కాదు. నాలుగు వారాలు తిరిగేసరికి మా అమ్మ నోటి నుంచి "వెనక వేడి! తప్పుకోండి!" అని కేక వచ్చింది. నేను బస్తా మీద నుంచి జారిపడబోయాను. దోసెలు వేసే మామ అట్లకాడ పైకెత్తి, "అక్కా, మీ కేకకి పార్కింగులో కార్లు కూడా పక్కకి జరిగాయి," అన్నాడు. అమ్మ ఎర్రబడింది, కానీ నవ్వింది.

ఆ తరవాత ఒక రోజు నేను ఎక్కాలు బట్టీ పడుతున్నాను. గట్టిగా కాదు, గుసగుసగానే. సెవెన్ ఎయిట్స్ ఆర్ ఫిఫ్టీ ఫోర్ అన్నాను. నాలుగు గజాల దూరంలో, నాకు వీపు పెట్టి కాలీఫ్లవరు తరుగుతున్న తాతయ్య తల తిప్పకుండానే, "ఏడెనిమిదులు యాభై ఆరు," అన్నాడు.

నేను నోరు తెరిచి చూశాను. ఆయన ఇటు తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకుని, వచ్చి నా పక్కన బస్తా మీద కూర్చున్నాడు. అమ్మ అప్పుడు బయట బఫే దగ్గరుంది. ఎందుకు తాతయ్యా అబద్ధం అని అడిగాను.

అంతకు ముందు ఆయన ఇంకో ఊళ్ళో, ఇంకో వంటగదిలో పని చేశాడట. అక్కడ ఒక అమ్మాయి మా అమ్మలాగే మసిలే గంజి గిన్నె పట్టుకుని ఆయన వెనక మాట్లాడకుండా నిలబడిందట. ఆయనకి తెలియక గిర్రున తిరిగాడు. గంజి మొత్తం ఆ పిల్ల పాదాల మీద ఒలికింది. ఆ తరవాత ఆమె నడవడానికి చాలా నెలలు పట్టిందని చెప్పాడు.

"నా మీద గౌరవంతోని నోరు మూసుకున్నది. అసుంటి గౌరవం నాకెందుకు బిడ్డా?" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఉల్లిపాయలు కావు, కాలీఫ్లవరే తరుగుతున్నాడని నాకు బాగా గుర్తు.

ఇక అసలు రోజు చెప్తాను. ఆ వారం పెద్ద సాంబారు గుండిగకి ఒకవైపు పిడి వదులైంది. ముట్టుకుంటే ఊగుతోంది. అమ్మ రెండుసార్లు ఓనర్ అంకుల్‌కి మెల్లిగా చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు, పది పనుల్లో మునిగిన మనిషి. "నెక్స్ట్ వీక్ మార్పిస్తానమ్మా, ఈ ఒక్కరోజు అడ్జస్ట్ అవ్వండి," అన్నాడు రెండుసార్లూ. బయట జనం ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ఆయన తలుపులోంచి తల పెట్టి, సాంబారు ఏదమ్మా, తొందరగా అన్నాడు. అమ్మ గుండిగ దగ్గరికి వెళ్ళింది. పిడి మీద చెయ్యి వేసింది. చెయ్యి తీసేసింది.

"నేను మొయ్యను!"

తాతయ్య కోసం అలవాటైన కేకే అది. వంటగది అంతా ఆగిపోయింది. బయట బల్లల దగ్గర మాటలు కూడా ఆగాయి. "పిడి ఊడిపోతోంది. నామీద పడితే నా పిల్లని ఎవరు చూస్తారు? నేను మొయ్యనండీ."

అన్ని మాటల తరవాత కూడా అండీ మాత్రం వదల్లేదు మా అమ్మ.  ఆ జీతం లేకపోతే మాకు ఇల్లు గడవదని నాకూ తెలుసు. వెళ్ళిపోమంటాడేమోనని పుస్తకాలు సంచీలో సర్దేశాను కూడా.

ఓనర్ అంకుల్ లోపలికొచ్చాడు. "ఎందుకమ్మా అలా అరుస్తారు, నాకేం చెవుడా?" అన్నాడు. దోసెల మామ ఫక్కుమని నవ్వి నోరు మూసుకున్నాడు. తాతయ్య కత్తి కింద పెట్టి అమ్మ పక్కన వచ్చి నిలబడ్డాడు.  అంకుల్ వేలితో పిడిని కదిపాడు. అది తలుపు గొళ్ళెంలా ఊగింది.  తరవాత కోటు విప్పి, గరిట తీసుకుని, సాంబారు తనే చిన్న గిన్నెల్లోకి తోడడం మొదలుపెట్టాడు. బఫే పావుగంట ఆలస్యమైంది. ఎవరి ప్రాణమూ పోలేదు. సోమవారానికి కొత్త గుండిగ వచ్చింది, దాన్ని తోసుకెళ్ళడానికి చక్రాల బండి కూడా వచ్చింది.

 ఆ సాయంత్రం బస్సులో అమ్మ, మరీ గట్టిగా అన్నానా అని నన్ను రెండుసార్లు అడిగింది.

తాతయ్య తరవాత కూతురి దగ్గరికి టెక్సస్ వెళ్ళిపోయాడు. చాలా ఏళ్ళకి నేను అమ్మకి ఆ ఎక్కాల సంగతి చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు. రెండో వారానికే తనకి తెలుసట. ఎక్కడో పోపులో ఆవాలు చిటపటలాడితే ఆయన తల అటు తిరిగేదట. మరి తెలిసీ ఎందుకు అరిచావే అంటే, "చెవుడని ఆయన అంటే, అరవడం నాకు తప్పనిపించలేదు. నేను అరవడానికి ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కదే," అంది.

నాకు పెద్ద చదువులు అబ్బలేదు. నేనూ వంటపనిలోనే స్థిరపడ్డాను. ఇప్పుడు ఒక స్కూలు కిచెన్‌లో నా కింద ఆరుగురు పని చేస్తారు. మా పిన్ని కూతుళ్ళ పిల్లలకి నేను పెద్దమ్మని. నాకు ఒక అలవాటు ఉంది, వాళ్ళు దాన్ని చూసి నవ్వుతారు కూడా. పనిలోనైనా ఇంట్లోనైనా ఎవరన్నా నా వెనక మాట్లాడకుండా నిలబడితే, తిరిగి ముందు వాళ్ళ మొహం చూడను. చేతులు చూస్తాను, ఏం మోస్తున్నారో అని.