నడుమ మొండిగోడ

"నీ మొగని గని దుమ్మంత నా అన్నంల పడ్తాంది! గింత తెల్వి లేదా నీకు?" అంది మా తోటికోడలు గోడ అవతలి నుంచి.

"దుమ్ము పడ్తే గోడ పైదాకా లేపిస్త. సుఖంగ తిను అక్కా!" అన్నాను ఇవతలి నుంచి.

"లేపు! ఏంది, నీ మొగం చూడకుంటె నాకు పొద్దు పోదా?"

తప్పు నాదే. మా ఆయన కిరండూల్ ఇనుప గనిలో పనికి కుదిరి వారానికొకసారి ఇంటికి వచ్చేవారు. సబ్బు ఆదా అవుతుందని, ఉతికే ముందు ఆయన బట్టల్లోని ఎర్రదుమ్ము ఆ గోడకే కొట్టి దులిపేదాన్ని.

తోంగ్‌పాల్ దగ్గర మాది సేద్యం చేసుకునే ఇల్లు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు మా మామగారు ఇంటి నడుమ మట్టిగోడ పెట్టి, కప్పు దాకా లేపకుండా మనిషి ఎత్తు రాగానే ఆపేశారు. "ఒక్క దీపం రెండిండ్లకు సాల్తది" అన్నారు. చాలింది కూడా. గోడ మీద బుడ్డి పెట్టి ఒకనాడు ఆమె వెలిగిస్తే మరునాడు నేను. నిప్పులు, కూరగిన్నెలు ఆ గోడ మీదుగానే అటూ ఇటూ దాటేవి. నాకు తొలికాన్పు నొప్పులొచ్చిన నాడు "అక్కా" అని ఒక్క కేక వేశాను. ఆమె వాకిలి చుట్టి రాలేదు. రోలెక్కి గోడ దూకింది.

ఆ గోడనే పైదాకా మూసేస్తానన్నాను. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. ఆ సాయంత్రం దీపం వంతు ఆమెది. వెలిగించింది గానీ గోడ మీద పెట్టలేదు. నేను చీకట్లోనే గంజి తాగి పిల్లను పడుకోబెట్టాను.

తెల్లవారి వాకిట్లో మన్ను పోసి తొక్కడం మొదలుపెట్టాను. ఆమె వచ్చి నిలబడింది.

"గడ్డి ఏసినవా?"

"లే."

"గడ్డి లేని గోడ నిలుస్తదా? పెద్ద మేస్త్రి బయల్దేరింది!"

చంకనిండా వరిగడ్డి తెచ్చి నా పక్కన తానూ తొక్కింది. మన్ను పదునుకొచ్చాక మొదటి ముద్ద తనే తీసుకుని, గోడ మీద దీపం పెట్టే చోట పెచ్చులూడిన గుంటను పూడ్చింది. రెండో ముద్ద నేను తీసుకున్నాను. తొక్కిన మన్ను పారబోయడం నా వల్ల కాదు గనుక గోడకు రెండు వైపులా మెత్తాం. ఎత్తు మాత్రం పెంచలేదు.

చేతులు కడుక్కుని, ఆయన బట్టలు పెరట్లోకి తీసుకుపోయి దులిపాను.