దుబాయి బండికి దిష్టి తీశాను

దెయ్యాన్ని చూసినవాళ్లు పారిపోతారు. నేను గుమ్మడికాయతో కొట్టాను. ఆ దెబ్బకు ఏమేం పగిలాయో వినండి.

అప్పట్లో తిరుపతిలో అద్దె కార్లు నడిపేవాణ్ని. పాత మోటారు పత్రికలు చదివి, ఏ పెద్ద జీపు ఏ దేశంలో అమ్ముతారో, మనకెందుకు ఇవ్వరో టీ బంకు దగ్గర ఉపన్యాసాలిచ్చేవాణ్ని. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా ఉన్న మా మామ మునెయ్య అవన్నీ నమ్మేశాడు.

"మా ఫ్యాక్టరీ ఓనరు నాయుడు దుబాయిలో కొన్న బండిని ఓడలో మద్రాసుకు తెచ్చినాడు. ఈడ అమ్మని మోడలంట. ఆర్నెల్లే పర్మిషను. డ్రైవరు కావల్ల, తోలతావా?"

"ఏ దేశం బండైనా తోలతా మామా!"

నాయుడు తల్లిని కొండకు తీసుకెళ్లి, తనే నడుపుకుంటూ సాయంత్రం వస్తాడట. గేటు దగ్గర గుమ్మడికాయతో దిష్టి తీస్తే చాలు, ఆ మీదట బండి నాది.

ఆ సాయంత్రం గుమ్మడికాయ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. సన్నగా తుంపర పడుతోంది. సీజను కాదు కాబట్టి ఫ్యాక్టరీలో అలికిడి లేదు. మామ అగ్గిపెట్టె కోసం లోపలికి పోయాడు. అంతలో చప్పుడే లేకుండా నల్లటి బండి మలుపు తిరిగింది.

డ్రైవరు సీట్లో తెల్లచీర కట్టిన ముసలమ్మ. నున్నటి గుండు, దాని మీద పచ్చటి గంధం. కళ్లు మూసుకుంది. రెండు చేతులూ జోడించి ఏదో గొణుగుతోంది. బండి మాత్రం గుంతలు తప్పించుకుంటూ నా మీదికే వస్తోంది! రెండో పక్క చూడొచ్చు కదా అంటారా? మీరైతే చూసేవారా?

ఆమె కళ్లు తెరిచి, నన్ను చూసి నవ్వింది. నా ప్రాణం పైకి పోయింది. గుమ్మడికాయ అద్దం మీదికి పోయింది.

అద్దమంతా భళ్లున పగుళ్లిచ్చింది. ఎడమ తలుపు తెరుచుకుని నాయుడు దిగాడు.

"ఎవుర్రా నువ్వు?"

"మీ కొత్త డ్రైవర్ని సార్... దెయ్యం బండి తోలతాందనుకున్నా..."

మామ పరుగెత్తుకొచ్చాడు. "ఆ దేశంలో స్టీరింగు ఎడం పక్క ఉంటాదని తెలీదంట్రా? అన్నీ సెప్తివే!"

"పుస్తకంలో బొమ్మ పక్క నుంచి తీసిండారు మామా!"

నాయుడు చెయ్యెత్తాడు. ముసలమ్మ ఆపింది. "ఉండు నాయనా. నన్ను దెయ్యమనుకోని గూడా పారిపోలేదు సూడు. వీణ్నే పెట్టుకో."

ఉద్యోగం నిలిచింది. బండి కూడా నిలిచింది, షెడ్డులో. మన దేశంలో అమ్మని మోడలుకు మన దేశంలో అద్దమెవరమ్ముతారు? రోజూ కడిగాను, తుడిచాను. దుబాయి నుంచి అద్దం వచ్చేసరికి పర్మిషను అయిపోయింది. బండిని తిరిగి ఓడెక్కించడానికి నాయుడే నడిపాడు, నా చేతికివ్వడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఉద్యోగం నిలిచినందుకు మొక్కు తీర్చుకుని గుండుతో ఉన్న నేను, కుడివైపు సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నాను.

పుత్తూరు దాటుతుంటే రోడ్డు పక్కన టీ తాగుతున్న ఒకాయన తలెత్తి నన్ను చూశాడు. కెవ్వుమని అరిచి, గ్లాసు వదిలేసి చెరుకు తోటలోకి పరుగెత్తాడు.

ఏడుకొండలవాడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బండి ఏ దేశానిదైనా ముందు రెండు సీట్లూ చూస్తాను. గుమ్మడికాయను నేలకు తప్ప ఇంక దేనికీ కొట్టను.