పాత నంబరు

డిగ్రీకి దరఖాస్తు పెడుతున్నానని నేనెవరికీ చెప్పలేదు. మా ఆయనతో కూడా భద్రాచలంలో మీటింగ్ ఉందని చెప్పి బయల్దేరాను. నలభై నాలుగేళ్ల అంగన్‌వాడీ టీచర్ని, చదువుకుంటానంటే ఎవరైనా మెచ్చుకుంటారు గానీ తిట్టరు. నా సిగ్గు వయసు గురించి కాదు. వయసు గురించైతే ఎంత బాగుండేది!

బస్టాండు దగ్గరి ఆన్‌లైన్ సెంటర్లో ఇంటర్ మెమో, ఆధార్ కార్డు ఇచ్చాను. సెంటర్ నడిపే ఆయన కార్డు మీది పుట్టిన తేదీ చూశాడు, నన్ను చూశాడు, టైపు చేసుకుపోయాడు. "ఓటీపీ వస్తది, చెప్పండి మేడమ్" అన్నాడు. నా ఫోనులో ఉలుకూ పలుకూ లేదు.

"ఆధార్‌కు లింకున్నది ఈ నంబర్ కాదు మేడమ్. వేరే ఉంది" అని చివరి రెండంకెలు చదివాడు. అది నా పాత నంబరు. మా అమ్మాయి పెళ్లయి ముదిగొండ పోయేటప్పుడు ఆ ఫోనూ ఆ సిమ్మూ తనతోనే తీసుకెళ్లింది. స్నేహితులందరి దగ్గరా ఆ నంబరే ఉందంది, సరేనన్నాను. ఆధార్‌లో మార్పించుకోవాలన్న ధ్యాసే నాకు లేకపోయింది.

ఇప్పుడు ఓటీపీ కోసం ఫోన్ చేయాల్సింది, లోకంలో ఇంతమంది ఉండగా, మా అమ్మాయికే.

ఏడేళ్ల కిందట మా అమ్మాయి ఇంటర్ పాసై డిగ్రీకి ఆన్‌లైన్‌లో పెట్టుకుంది. ఇంట్లో టచ్ ఫోను ఒక్కటే, నాది. అందుకని నా నంబరే ఇచ్చింది. ఆ ఫోనంటే నాకు ఒళ్లుమంట. పిల్లల బరువులు, ఎత్తులు, ఎన్ని గుడ్లు పెట్టాం, ఎవరు రాలేదు, అన్నీ రోజూ అందులో ఎక్కించాలి. ఒకటి నొక్కితే ఇంకొకటి తెరుచుకునేది. అందుకని ఆ పనంతా మా అమ్మాయే చేసేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని నేను రిజిస్టర్ చదువుతుంటే తను టకటకా కొట్టేది. నెల మీటింగులో సూపర్‌వైజర్ మేడమ్ "ఈమె ఎంట్రీల్లో ఒక్క తప్పుండదు, చూసి నేర్చుకోండి" అని నన్ను లేపి నిలబెట్టేది. నేను సిగ్గు లేకుండా నిలబడేదాన్ని.

ఒక మధ్యాహ్నం పిల్లల బరువులు తూస్తుంటే మెసేజ్ వచ్చింది. ఖమ్మం కాలేజీలో సీటు వచ్చిందనీ, గడువు లోపల ఒప్పుకుంటున్నట్టు తెలపకపోతే పోతుందనీ దాని సారాంశం. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు. చదవగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇది: ఇక ఎంట్రీలు ఎవరు చేస్తారు?

బిడ్డను దూరం పంపాలన్న భయం కాదు, హాస్టల్లో ఎలా ఉంటుందోనన్న బెంగ కాదు. ఎవరికైనా చెప్పుకోవాల్సి వస్తే అవే చెబుదామని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. నిజం మాత్రం ఇదే. మెసేజ్ డిలీట్ చేశాను. ఆ ఫోనులో నాకు బాగా వచ్చిన పని అదొక్కటే. రెండు రోజులకు గుర్తుచేస్తూ ఇంకొకటి వచ్చింది. అదీ తీసేశాను.

తను రోజూ "మెసేజ్ ఏమన్న వచ్చిందా అమ్మా?" అని అడిగేది. గడువు దాటాక భద్రాచలం పోయి కనుక్కుని వచ్చింది. సీటు వచ్చి పోయిందని చెప్పారట. నేను అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, "మన ఊళ్ల సిగ్నల్ ఎన్నడుండి ఏడ్చింది?" అన్నాను. తను నా వైపు కాసేపు చూసింది. తర్వాత ఫోను తీసుకుని ఆ రోజు బరువులు ఎక్కించింది.

మరుసటి ఏడు సంబంధం కుదిరింది. తను వెళ్లిపోయాక ఆ ఎంట్రీలు నేనే నేర్చుకున్నాను. నెల రోజులు పట్టింది. అంతే, నెల! ఆ తర్వాత కూడా చుట్టుపక్కల గూడేల్లో గుంపు గుంపుకూ తిరిగి, ఆడపిల్లల చదువు మాన్పించొద్దని తల్లులకు చెబుతూనే ఉన్నాను. ఒకామె "మీ బిడ్డ ఎందాక సదివింది టీచర్?" అంటే "ఇంటర్, సీటు రాలే" అని గొంతు వణక్కుండా చెప్పాను.

సెంటర్ బయటికి వచ్చి ఫోన్ చేశాను.

"ఏంది అమ్మా, గీ టైంల?"

"రేషన్ కార్డు పని. నీ ఫోన్‌కు ఓటీపీ వస్తది, చెప్పు బిడ్డా."

తను మెసేజ్ తెరిచి చూసినట్టుంది. "డిగ్రీ అడ్మిషన్ అని ఉంది గదనే దీంట్ల. ఎవలకు?"

ఇక దాచడానికేముంది! "నాకే" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆరంకెలూ చదివింది. నేను లోపలికి పరుగెత్తి చెప్పేసరికి టైం అయిపోయిందన్నాడాయన. మళ్లీ పంపించాడు. ఈసారి తను గబగబా చదివి, "జల్దీ కొట్టమను అమ్మా. నీదన్న పోవద్దు" అంది.

ఆయన అంకెలు కొట్టాడు. నేను ఫోను చెవికి ఇంకాస్త ఆన్చుకున్నాను. "నీకు తెలుసా?" అన్నాను.

"సీటొచ్చిన గా వారమంతా నీ ఎంట్రీలు పంపింది నేనే గదమ్మా. సిగ్నల్ ఉండె."

అంటే అన్నం కలుపుతున్న నన్ను చూసిన ఆ చూపు నాటికే తనకు తెలుసు. తెలిసే బరువులు ఎక్కించింది. తెలిసే ఏడేళ్లు పండక్కీ పబ్బానికీ వచ్చి నా చేతి అన్నం తినిపోయింది. "తప్పయింది బిడ్డా" అన్నాను, వెనక లైన్లో జనం ఉన్నారన్నది కూడా మరిచిపోయి. "పాప ఏడుస్తున్నది, పెడుతున్న" అని ఫోన్ పెట్టేసింది. పాప ఏడుపు నాకైతే వినిపించలేదు.

ఫారంలో ఆఖరి గడి మిగిలింది. "ఇగ మీద మెసేజ్‌లన్నీ ఏ నంబర్‌కు రావాలె మేడమ్? మీ కొత్త నంబర్ ఎక్కియ్యాల్నా?" అని అడిగాడు.

"వద్దు, ఆ పాతదే ఉండనియ్యండి" అన్నాను.

రశీదు మడిచి పర్సులో పెట్టుకుని బస్సెక్కాను. నాకు సీటు వచ్చిందో లేదో ఇప్పుడు మా అమ్మాయే చెప్పాలి. చెప్పకపోతే అడిగే మొహం నాకు లేదు.