మాంటన్ బస్సు కింద కాటారం నిమ్మకాయ

మా వదినెకు కాటారంలో చిన్న నిమ్మతోట ఉంది. ఫ్రాన్సులో, సముద్రం ఒడ్డున, మాంటన్ అనే ఊళ్లో నిమ్మకాయను తొక్కతో సహా తింటారని ఫోన్లో చూసిన రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. "ఒక్క కాయ తెచ్చుకుంట. గింజలు పెట్టుకుంట. నడువు పిల్లా" అంది. జనగామలో నేను, కాటారంలో ఆమె చిట్టీలు కట్టి, ఫిబ్రవరిలో బయల్దేరాం. మా ఆయన, అంటే ఆమె తమ్ముడు, "నిమ్మకాయలకు గంత దూరం ఎందుకే, అంగడికి పోతే దొరకవా?" అన్నాడు. అందుకే ఆయన్ను ఇంట్లోనే వదిలేశాం.

తెల్లవారుజామున శంషాబాద్‌లో విమానం ఎక్కి, దుబాయ్‌లో మారి, మధ్యాహ్నానికి నీస్‌లో దిగాం. అక్కణ్ణుంచి మాంటన్‌కు రైల్లో ముప్పావుగంట. వెళ్లేవాళ్లు కుడివైపు కిటికీ పట్టుకోండి, దారంతా సముద్రమే. ఎదురుగా కూర్చున్న ముసలామె వదినె చీర అంచు పట్టి చూసి, "ఇండియా?" అంది. "కాదు, కాటారం" అంది వదినె.

ఊరంతా పసుపు, నారింజ రంగు గోడలు. వీధుల్లో నారింజ చెట్లు. మేం వెళ్లింది వాళ్ల నిమ్మకాయల పండుగ రోజుల్లో. నిమ్మకాయలతో, నారింజలతో గోపురాలంత బొమ్మలు కట్టి నిలబెట్టారు. "గిన్ని కాయలు ఖరాబు చేసిన్రు, పచ్చడి పెడితే మండలానికి సరిపోవు?" అని వదినె బాధపడింది. సముద్రం పక్క మార్కెట్లో ఆకులతో సహా అమ్ముతున్న కాయలు కొన్నాం. ఒకటి కోసి తిన్నాం. పులుపుంది కానీ తొక్కలో చేదు లేదు.

మర్నాడు పొద్దున కొండమీది తోటకు బస్సు. మెలికలు తిరిగిన ఆ దారి చూడగానే వదినె ఆగిపోయింది. నేను టికెట్లు తీసుకునేలోపు ఆమె కాటారం నుంచి వెంట తెచ్చుకున్న నిమ్మకాయను బస్సు ముందు మూడుసార్లు తిప్పి, చక్రం కింద పెట్టేసింది. మన దగ్గర కొత్త బండికి, దూరప్రయాణానికి అందరూ చేసేదే. కానీ డ్రైవర్‌కు అదేం తెలుసు? ఆమె చేతిలోంచి జారిందనుకుని దిగి, కాయ తీసి ఆమెకే ఇవ్వబోయాడు. దిష్టికాయను ముట్టుకుంటారా ఎవరన్నా! వదినె వెనక్కి జరిగి దండం పెట్టింది. తనకే ఇచ్చేసిందనుకుని అతను నవ్వుతూ తుడిచి, జేబు కత్తితో కోసి, తొక్కతో సహా తినేశాడు.

"అయ్యో కొడుకా! బస్సు దిష్టంతా మింగిండే!"

తోటలో తామరలు, వెదుళ్లు, మన అరటిచెట్టు కూడా ఉన్నాయి. చూడాల్సిన తోటే. వదినె మాత్రం ఏదీ చూడలేదు. తిరుగు బస్సులో అతని చెయ్యి స్టీరింగ్ మీద వణుకుతోందా లేదా అన్నదే చూసింది. నేను నవ్వాను.

మర్నాడు అదే బస్సుకు వేరే డ్రైవర్ వచ్చాడు. వదినెకు ముద్ద దిగలేదు. "సెలవేమో వదినె" అంటే వినదు. "నా వల్ల వానికేమన్నయితే? పిల్లలు గల్లోడో ఏమో. వాని మొఖం చూడంది నేను కదల." ఆ మరుసటి మధ్యాహ్నమే మా విమానం.

బయల్దేరే రోజు పొద్దున్నే సామాన్లతో బస్టాపులో నిలబడ్డాం. బస్సు వచ్చింది. అతనే! నవ్వుతూ చెయ్యి ఊపాడు. బొటనవేలికి కట్టు ఉంది.

నా నవ్వు ఆగిపోయింది. హోటల్లో తీసుకున్న ఉప్పు పొట్లాలు, ఇంటి నుంచి తెచ్చిన కారం నేనే గబగబా వెతికి ఇచ్చాను. వదినె బస్సెక్కి అతని చుట్టూ తిప్పుతుంటే అతను బుద్ధిగా తల వంచాడు. వెనక కుక్కను పట్టుకుని నిలబడ్డ ఒకామె కూడా తల వంచింది. వదినె ఆమెకూ దిష్టి తీసింది, కుక్కకూ తీసింది. దిగి అంతా రోడ్డు పక్కనే ఉన్న సముద్రంలో కలిపేసింది. బస్సు కదిలేముందు అతను ఒక పెద్ద నిమ్మకాయ ఆమె చేతిలో పెట్టాడు. తన పెరటిదేనని సైగ చేశాడు.

తిరుగు ప్రయాణమంతా ఆ కాయ వదినె ఒళ్లోనే ఉంది. మిగిలినవన్నీ మేం రైల్లోనే తినేశాం. గింజల కోసం ఇదొక్కటే దాచింది. శంషాబాద్‌లో మేం మాట్లాడుకున్న కారు డ్రైవర్ సామాన్లు సర్దుతుంటే ఆమె వంగి ఆ కాయను ముందుచక్రం కింద పెట్టింది.

"వదినె! గింజలు?"

"ఆడ తొక్కాల్సింది తొక్కకపాయె. వాని పేరు మీద ఈడ తొక్కియ్యి" అని డ్రైవర్‌కు చెప్పింది. "మంచిగుండాలె బిడ్డ."

ఆ ఊరు అందంగా ఉంటుంది, తప్పకుండా వెళ్లండి. ఇంటి ముందు కారు దిగగానే, మేం తెచ్చిందేమిటని మా ఆయన అడిగాడు. కారు టైరు వాసన చూడమన్నాం.