మిథనాల్ కంటపడని యంత్రం

కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన మొదటి వానాకాలంలో నేను ఆస్ట్రేలియాలో, డార్విన్‌లోని ఒక ఆసుపత్రి ల్యాబులో బయోకెమిస్ట్రీ సీనియర్ సైంటిస్టుగా ఉన్నాను. రక్తంలో ఏమేం కలిశాయో తెలుసుకోవడానికి ద్రవాభిసరణ పీడనం మాకో దారి. దాన్ని నేరుగా కొలవం. పీడనానికి మూలమైన, సీరంలో, అంటే రక్తకణాలు తీసేసిన ద్రవంలో, కరిగిన కణాల మొత్తాన్ని ఆస్మోమీటరు చెబుతుంది. సోడియం, గ్లూకోజు, యూరియాలతో లెక్కగట్టిన అంకె కన్నా అది బాగా ఎక్కువైతే, పిలవని పేరంటానికి ఏదో వచ్చినట్టే.

ఆ మధ్యాహ్నం ఒక చేపల పడవలో వంట చేసే ఆవిడ రక్తం వచ్చింది. మగతగా ఉంది, చూపు మసకగా ఉందంటోంది, రక్తంలో ఆమ్లం పెరిగిపోతోంది. కొత్త ఆస్మోమీటరు తేడా ఏమీ లేదంది. నాకు ఒళ్ళు మండింది. అది ఆవిరి పీడనంతో కొలిచే రకం, ఆవిరయ్యే ఆల్కహాళ్ళు దాని కంటపడవు. మూలన పడేసిన పాతది సీరాన్ని గడ్డకట్టించి కొలుస్తుంది, దానికి అన్నీ దొరుకుతాయి.

అధికారిక గుర్తింపు తీసేసిన పాత యంత్రం ఫలితం వార్డుకు వెళ్ళకూడదని మేనేజరు గ్రెగ్ అడ్డుపడ్డాడు. గుర్తింపు పోయింది కాని పనితనం పోలేదని చెప్పి, ప్రామాణిక ద్రావణంతో సరిచూసి, అతని ఎదుటే సీరం పెట్టాను. లెక్కగట్టినదాని కన్నా అంకె ఎంతో పైకి పోయింది. మామూలు మద్యంలో ఉండే ఇథనాల్ కోసం చేసిన పరీక్షలో ఏమీ లేదు. పాతదానికి దొరికి కొత్తదానికి దొరకనిది, ఇథనాల్ కానిది, చూపు మసకబార్చి ఆమ్లం పెంచేది మిథనాలే.

ఎమర్జెన్సీలో ఆవిణ్ణి చూస్తున్న రిజిస్ట్రార్ డాక్టరు కిరణ్ మా కాకినాడ అబ్బాయి. వెంటనే ఫోను చేశాను.

"అఫీషియల్ రిపోర్ట్‌లో నార్మల్ అని ఉంది కదా ఆంటీ. ఈ నంబర్ మీద యాంటిడోట్ స్టార్ట్ చేస్తే కన్సల్టెంట్ నన్ను తినేస్తారు."

"నా పేరు చెప్పు. బయటి ల్యాబ్ కన్ఫర్మ్ చేసేలోపు ఆవిడ కళ్ళు పోతాయి బాబూ. ఏం తాగిందో తోటివాళ్ళని అడుగు."

ఎవరో ఇంట్లో కాచిన సారా అని తేలింది. విరుగుడు ఎక్కించారు, డయాలిసిస్ చేశారు. ఆవిడకు చూపు దక్కింది. బయటి ల్యాబు కూడా మిథనాలేనని చెప్పింది.

నియమం మీరానని గ్రెగ్ నాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చి, నన్ను క్షమాపణ చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. పాత యంత్రానికి తిరిగి గుర్తింపు తెప్పించేదాకా అతణ్ణి వదల్లేదు. ఒక యంత్రం దేన్ని కొలవలేదో తెలుసుకోకుండా దాని ఫలితం మీద సంతకం పెట్టకూడదని ఆ రోజు గట్టిగా నేర్చుకున్నాను. ఆ హెచ్చరిక నా పేరు మీద ఇప్పటికీ ఉంది, ఉండనివ్వండి.