పట్టుగూళ్ల దీపం

ఈస్టర్ ఆరాధన మధ్యలో సంఘమంతా బెంచీలెక్కి నిలబడటం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, వాళ్లను ఎక్కించిందే నేను. ఆ ఘోరం ఎలా జరిగిందో ఇప్పుడు చెప్పబోతున్నాను. తెల్లబట్టలు కట్టుకున్నవాళ్లు కాస్త దూరంగా కూర్చుని చదవండి.

నా పేరు జ్యోతి. ఆ పేరు పెట్టినందుకో ఏమో, డిగ్రీ కాగానే నాకు దీపాల పిచ్చి పట్టుకుంది. బెంగళూరులో మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చి, ఇక ప్లాస్టిక్ ముట్టను, ప్రకృతి ఇచ్చిన వాటితోనే దీపాలు చేస్తానని పుంగనూరులో మా ఇంటి నడుమ నిలబడి ప్రకటించాను. మొదట మదనపల్లె టమాటాల తొక్కలు ఎండబెట్టి ఒకటి చేశాను. ఎర్రగా ఎంత బాగుందో! బల్బు వేసిన పది నిమిషాలకు ఇల్లంతా చారు వాసన. తెల్లారేసరికి సగం దీపాన్ని చీమలు మోసుకుపోయాయి. ఆ తర్వాత చేసిన అరటినార దీపానికి బూజు పట్టింది.

మా నాయన స్కూలు మాస్టరు. ఓర్పు గల మనిషే గానీ, చీమలు పంచెలోకి ఎక్కాక ఆ ఓర్పు దిగిపోయింది. మదనపల్లెకు వెళ్లి బీఈడీ ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు.

"సూడు జ్యోతీ, ఈస్టర్‌కు చర్చిలో నీ దీపం ఒకటి పెట్టు. అందరూ బాగుండాది అంటే జీవితమంతా దీపాలే చేసుకో, నేనడ్డం రాను. లేదంటే సోమవారం ఈ ఫారం నింపల్ల."

బీఈడీ అంటే నాకు జ్వరం. అందుకే బాగా ఆలోచించి, ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టలాదివారానికి ముందురోజు బస్సెక్కి కుప్పం దగ్గర పట్టుపురుగులు పెంచే రైతు మునెప్ప దగ్గరికి వెళ్లాను. తట్టల నిండా తెల్లటి పట్టుగూళ్లు, పావురం గుడ్లలా.

"ఇవి పచ్చి గూళ్లమ్మా," అన్నాడు మునెప్ప.

"పచ్చివే కావాలప్పా. ఉడకబెట్టేది, మందులేసేది ఏమీ వద్దు. న్యాచురల్‌గా ఉండల్ల."

"నీ ఇష్టం. వారంలోపల ఆవిరి పట్టించు. లేదంటే లేసొచ్చేస్తాయి."

లేచి రావడమంటే ఏమిటి? బంక ఊడి లేచి రావడమే అనుకున్నాను. అంతకు మించి ఒక్క ఆలోచన కూడా నా బుర్రలోకి రాలేదు, ప్రమాణం చేసి చెబుతున్నాను.

"దానికి నా కాడ చింతగింజల బంకుండాదప్పా. ఒక్కటి గూడా లేసి రాదు."

"బంకకు ఆగుతాయామ్మా అవి?"

"రెండు పూతలు పూస్తాలే."

మునెప్ప నన్ను ఎగాదిగా చూశాడు. పట్నం చదువుల ముందు తనేం మాట్లాడగలడని నోరు మూసుకున్నట్టున్నాడు.

వెదురు చట్రానికి మూడు వందల గూళ్లు అతికించాను. ఊపితే లోపల గలగలమని చప్పుడు. బాగా ఆరిందని మురిసిపోయాను. చూశారా నా తెలివి!

ఈస్టర్ ఉదయం ఆ దీపం బలిపీఠం మీదుగా వేలాడింది. పాలలాంటి వెలుగు. మా సంఘంలో నోరుగల మనిషి ఎస్తేరమ్మత్త గట్టిగానే అంది, "మన మాస్టరు కూతురు చేసిందంట! ఎంత బాగుండాదో!" నాయన జేబులోని ఫారాన్ని ఇంకో మడత పెట్టి లోపలికి తోశాడు. నేను గెలిచాను!

మా చర్చి పాస్టరు అయ్యగారు తెల్లటి అంగీలో దీపం కిందికొచ్చి చేతులెత్తారు. "ప్రభువు లేచాడు!"

"నిజంగా లేచాడు!" అన్నాం అందరం.

ఆయన రెండోసారి అనబోయేసరికి ఎస్తేరమ్మత్త కేక వేసింది. "అయ్యో దేవుడా! దీపంలోనించి ఏందో వస్తాండాది!"

ఒక గూటి కొస తడిసి, చిల్లుపడి, లోపలినుంచి ఒక తల బయటికొచ్చింది. తర్వాత కాళ్లు. తర్వాత తెల్లటి రెక్కలు. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన పది. ఎగరడం చేతగాక టపటపా రాలిపడ్డాయి, అయ్యగారి తలమీద, భుజాలమీద. పడినచోటల్లా టీ చుక్కల్లాంటి మరకలు పెట్టాయి. ఆడవాళ్లు చీరలెత్తిపట్టి బెంచీలెక్కారు, వెనకే మగవాళ్లు. అంతటితో ఆగాయా? మూడాదివారాలు పెళ్లి ప్రకటన చదివితే గానీ జత కలపని మా చర్చిలో, బలిపీఠం గుడ్డ మీదే ఏ ప్రకటనా లేకుండా జతలు జతలుగా అతుక్కుపోయాయి! పెద్దలు పిల్లల కళ్లు మూశారు. పిల్లలు వేళ్ల సందులోంచి చూశారు.

నేను వరండాలోకి పరిగెత్తి మునెప్పకు ఫోన్ చేశాను. "అప్పా! గూళ్లలోనించి పురుగులు వస్తాండాయి!"

"ఆ పొద్దే సెప్తి కదమ్మా, లేసొస్తాయని! ఆవిరి పట్టించలేదా?"

"ఆవిరి దేనికప్పా?"

"లోపల పురుగు సావడానికి!"

"లోపల పురుగుందా?"

"మరి ఆ గూడు ఎవరు కట్టినారనుకున్నావమ్మా? నువ్వు డిగ్రీలో ఏం సదివినావు?"

"జువాలజీ," అన్నాను.

లోపలికి వెళ్లేసరికి అయ్యగారు భుజమ్మీది పురుగును మెల్లగా తీస్తున్నారు. సిగ్గుతో ఏడుస్తూ క్షమించమన్నాను.

"యాలమ్మా ఏడుస్తావు? ముప్పై ఏండ్లుగా ప్రభువు లేసినాడని సెప్తాండాను. విని ఒక్కసారిగా అందరూ లేసి నిలబడింది ఈ దినమే."

సోమవారం పొద్దున నాయన ఫారం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టి, కుర్చీ కూడా ఆయనే జరిపాడు.

ఇప్పుడు నేను సైన్సు టీచర్ని. పట్టుపురుగు జీవితచక్రం పాఠం నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరని నాయనే ఒప్పుకుంటాడు. సెలవు రోజుల్లో దీపాలూ చేస్తుంటాను. కానీ మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట కాయైనా, గూడైనా, కొబ్బరిచిప్పైనా సరే, చెవి దగ్గర పెట్టుకుని, "లోపల ఎవరైనా ఉండారా?" అని మూడుసార్లు అడగకుండా బంక డబ్బా మూత తీయను.